మెయిలింగ్ లిస్టు సర్వర్‌కు లేబుళ్ల కాపలా: గీత ఎక్కడ గీయాలి?

ఒక చిరునామాకు పంపిన ఉత్తరాన్ని సభ్యులందరికీ చేరవేసే మెయిలింగ్ లిస్టులను నడిపే సాఫ్ట్‌వేర్ గ్నూ మెయిల్‌మ్యాన్. 2005 ఫిబ్రవరిలో అందులో ఒక లోపం బయటపడింది. భద్రతా లోపాలకు ఇచ్చే సీవీఈ నంబర్లలో దానికి సీవీఈ-2005-0202 పడింది. ప్రైవేటు ఆర్కైవ్‌లను వెబ్‌లో చూపించే స్క్రిప్టు, ఎవరైనా అడిగిన ఫైలు పేరులో పై డైరెక్టరీకి ఎగబాకే గుర్తులు ఉంటే వాటిని తీసేయాలి. అందుకోసం ఒక చిన్న ఫంక్షన్ ఉండేది. ముందు ../ కనిపించిన చోటల్లా చెరిపేస్తుంది, తర్వాత ./ కనిపించిన చోటల్లా చెరిపేస్తుంది. చదివితే తప్పేమీ కనిపించదు. కానీ .../..../// అని రాసి పంపితే ఏమవుతుందో చూడండి. మొదటి విడతలో ../ రెండు చోట్ల దొరుకుతుంది. ఆ రెండూ పోగా ...// మిగులుతుంది. రెండో విడతలో ./ ఒకటి పోతుంది. చివరికి మిగిలేది ../. ఏ గుర్తును అడ్డుకోవాలని ఆ ఫంక్షన్ రాశారో, ఆ గుర్తును ఆ ఫంక్షనే తయారుచేసి చేతికిచ్చింది.

అదనపు స్లాష్‌లను అపాచీ 2.0 వెబ్ సర్వర్ తనే కుదించేసేది కాబట్టి అక్కడ ఈ దాడి పారలేదు. 1.3 మీద పారింది. కంప్యూటర్ భద్రత గురించే చర్చించుకునే ఫుల్ డిస్‌క్లోజర్ లిస్టు సభ్యుల పాస్‌వర్డ్‌లు ఈ దారిలోనే బయటికి పోయాయి. మెయిల్‌మ్యాన్ 2 ఆ పాస్‌వర్డ్‌లను ఏ మరుగూ లేకుండా, ఉన్నవి ఉన్నట్టే ఫైల్లో దాచేది. ప్రతి నెలా ఒకటో తేదీన వాటిని సభ్యులకు మెయిల్లో గుర్తుచేసేది కూడా.

ఏ ప్రోగ్రాము దేన్ని ముట్టుకోవచ్చో సిస్టమే నిర్ణయించే మాండేటరీ యాక్సెస్ కంట్రోల్ ఆ సర్వర్ మీద నడుస్తూ ఉంటే ఈ దొంగతనం ఆగేదా? సగం ఆగేది, సగం ఆగేది కాదు. ఆగని ఆ సగం ఏమిటో అర్థమైతే, మెయిలింగ్ లిస్టు సర్వర్‌కు ఎలాంటి పాలసీ రాయాలో చాలావరకు అర్థమైనట్టే.

యూనిక్స్‌లో మామూలుగా ఉండే అదుపు యజమాని చేతిలో ఉంటుంది. ఫైలు ఎవరిదైతే వాళ్లే ఎవరు చదవాలో, ఎవరు రాయాలో చెబుతారు. ఒక ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాము, ఏ యూజరు పేరు మీద నడుస్తుందో ఆ యూజరుకున్న హక్కులన్నీ దానికి వచ్చేస్తాయి. మెయిల్‌మ్యాన్ 2 ఈ పద్ధతిలోనే శక్తికొద్దీ జాగ్రత్త పడింది. మెయిల్ సర్వర్ నుంచి, వెబ్ సర్వర్ నుంచి వచ్చే పిలుపులను సీ భాషలో రాసిన చిన్న ర్యాపర్ ప్రోగ్రాములు అందుకుంటాయి. పిలిచినవాళ్లు తాము అనుకున్న గ్రూపులోనే ఉన్నారా అని చూసి, ఆ తర్వాతే మెయిల్‌మ్యాన్ గ్రూపు హక్కులతో అసలు స్క్రిప్టును నడుపుతాయి. ఈ సాఫ్ట్‌వేర్ నడిపిన అడ్మిన్లలో చాలామందికి గ్రూప్ మిస్‌మ్యాచ్ ఎర్రర్‌తో పరిచయం ఉంటుంది. గుమ్మం దగ్గర కాపలా బాగానే ఉంది. గుమ్మం దాటి లోపలికొచ్చాక మాత్రం ఏ గదికీ తాళం లేదు. పైగా మెయిల్‌మ్యాన్‌తో ఏ సంబంధమూ లేకపోయినా, ఎవరైనా చదవగలిగేలా అజాగ్రత్తగా వదిలేసిన ఫైళ్లు, హోమ్ డైరెక్టరీల్లో పడి ఉన్న బ్యాకప్ కాపీలు, అన్నీ ఆ ప్రాసెస్ చదవగలదు.

మాండేటరీ పద్ధతిలో నిర్ణయం యజమాని చేతిలోంచి, ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నెల్ చేతికి పోతుంది. ఏ ప్రాసెస్ ఏ రకం ఫైలుతో ఏం చేయొచ్చో ముందే రాసిపెట్టిన పాలసీ ఉంటుంది. అందులో లేనిది జరగదు. రూట్ యూజరైనా సరే, తన ప్రాసెస్‌కు పాలసీ గీసిన గీత దాటలేదు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్ఎస్ఏ ఈ పద్ధతిలో తయారుచేసిన ఎస్ఈలైనక్స్‌ను 2000 డిసెంబరులో అందరికీ విడుదల చేసింది. 2003లో అది 2.6 కెర్నెల్లో చేరింది. 2004లో ఫెడోరాలోకి, 2005లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 4 లోకి వచ్చింది. ఉబుంటూ వాడేవాళ్లకు తెలిసిన, ఇదే తరహా యాప్‌ఆర్మర్ 2010లో 2.6.36 కెర్నెల్లో కలిసింది.

మెయిలింగ్ లిస్టు సర్వర్‌కే ఈ కాపలా ఎందుకు అంతగా కావాలంటే, ఆ ప్రోగ్రాము చేసే పని అలాంటిది. లోకంలో ఎవరు ఏం పంపినా తీసుకుని చదవడమే దాని వృత్తి. తలుపులు రెండు, మెయిల్ ఒకటి, వెబ్ ఒకటి. వచ్చిన ఉత్తరాన్ని మైమ్ ముక్కలుగా విడదీస్తుంది, అటాచ్‌మెంట్లను డిస్కు మీద రాస్తుంది, ఆర్కైవ్ పేజీలు కడుతుంది. హెచ్‌టీఎంఎల్ ఉత్తరాన్ని మామూలు పాఠంగా మార్చాల్సి వస్తే, మెయిల్‌మ్యాన్ 2.1 డిఫాల్టుగా లింక్స్ అనే టెక్స్ట్ బ్రౌజర్‌ను పిలుస్తుంది. అంటే ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసిన పేజీని, సర్వర్ మీద, ఒక బ్రౌజర్ తెరిచి చదువుతోంది! ఆ బ్రౌజర్లో ఏదైనా లోపముంటే దాడి చేసేవాడికి లిస్టు సాఫ్ట్‌వేర్‌తో పనే లేదు. వీటన్నిటికీ తోడు, వేల మంది ఈమెయిల్ చిరునామాలు ఆ ప్రాసెస్ చేతికందే దూరంలోనే ఉంటాయి.

ఎస్ఈలైనక్స్ దీన్ని ఎలా కట్టడి చేస్తుందో చూద్దాం. ప్రతి ప్రాసెస్‌కూ, ప్రతి ఫైలుకూ, ప్రతి నెట్‌వర్క్ పోర్టుకూ ఒక లేబుల్ ఉంటుంది. లేబుల్లో యూజరు, రోల్, టైపు, లెవెల్ అని నాలుగు భాగాలుంటాయి కానీ సర్వర్ల విషయంలో పనంతా చేసేది టైపే. ప్రాసెస్ టైపును డొమైన్ అంటారు. రెడ్ హ్యాట్ తరహా పాలసీలో మెయిల్‌మ్యాన్ 2 కోసం మూడు డొమైన్లు రాశారు: ఉత్తరాలు అందుకునే మెయిల్‌మ్యాన్_మెయిల్_టి, వెబ్ పేజీల కోసం మెయిల్‌మ్యాన్_సీజీఐ_టి, క్యూ పనుల కోసం మెయిల్‌మ్యాన్_క్యూ_టి. డేటాకు, ఆర్కైవ్‌లకు, లాగ్‌లకు, లాక్ ఫైళ్లకు విడివిడి టైపులున్నాయి. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ఒక ఉత్తరాన్ని లిస్టుకు అప్పగించేటప్పుడు ర్యాపర్ ప్రోగ్రామును నడుపుతుంది. ఆ ప్రోగ్రాము ఫైలు మీదున్న లేబుల్‌ను చూసి కెర్నెల్ కొత్త ప్రాసెస్‌ను పోస్ట్‌ఫిక్స్ డొమైన్‌లోంచి మెయిల్‌మ్యాన్ డొమైన్‌లోకి మారుస్తుంది. ఇది జరగాలంటే మూడు కుదరాలి. పాత డొమైన్‌కు ఆ ఫైలును నడిపే అనుమతి ఉండాలి. ఆ ఫైలు టైపు కొత్త డొమైన్‌కు ప్రవేశ ద్వారంగా నమోదై ఉండాలి. ఇక్కణ్నుంచి అక్కడికి మారే అనుమతి పాలసీలో ఉండాలి. ఒక్కటి తప్పినా మార్పు జరగదు.

కాగితం మీద చక్కగా ఉన్న ఈ ఏర్పాటు పైథాన్ దగ్గర తడబడుతుంది. స్క్రిప్టును నేరుగా నడిపితే, మొదటి లైన్లో ఉన్న ఇంటర్‌ప్రెటర్‌ను కెర్నెలే వెతికి పిలుస్తుంది. అప్పుడు డొమైన్‌ను నిర్ణయించేది స్క్రిప్టు మీదున్న లేబుల్. అదే పైథాన్‌ను పేరు పెట్టి పిలిచి, స్క్రిప్టును దానికి ఆర్గ్యుమెంటుగా ఇస్తే? కెర్నెల్ కంటికి నడిచింది పైథాన్ మాత్రమే. స్క్రిప్టు అది చదువుకునే మామూలు ఫైలు. డొమైన్ మారదు. మెయిల్‌మ్యాన్ 2లో మెయిల్‌మ్యాన్‌సీటీఎల్ అనే ప్రోగ్రాము, వరసలో ఉన్న ఉత్తరాల పని చూసే క్యూ రన్నర్లను పుట్టించేది సరిగ్గా ఇలాగే. అందుకే క్యూ కోసం వేరే డొమైన్ రాసిపెట్టి ఉన్నా, పీఎస్ కమాండుకు జెడ్ ఆప్షన్ తగిలించి చూస్తే రన్నర్లన్నీ మెయిల్ డొమైన్‌లోనే కనిపిస్తాయి. సోర్సు నుంచి ఇన్‌స్టాల్ చేసుకున్నప్పుడు వచ్చే క్రాన్ పట్టీ (ఏ పని ఏ సమయానికి నడవాలో చెప్పే జాబితా) కూడా పైథాన్‌నే ముందు పెట్టి పిలుస్తుంది. పాలసీ ఫైలు చదివి నిశ్చింతగా ఉండిపోతే ఇవేవీ తెలియవు. నడుస్తున్న ప్రాసెస్‌ల లేబుళ్లు చూడాల్సిందే.

ఇలాంటిదే ఇంకో చిక్కు, సర్వీసులను మొదలుపెట్టే సిస్టమ్‌డీతో వస్తుంది. సర్వీసును గట్టిపరుద్దామని యూనిట్ ఫైల్లో, ప్రాసెస్‌కు కొత్త హక్కులు రానివ్వని నోన్యూప్రివిలేజెస్ ఆన్ చేస్తారు. మంచి ఉద్దేశమే. ఆ సెట్టింగు ఉన్నప్పుడు డొమైన్ మారాలంటే ఎన్ఎన్‌పీ_ట్రాన్సిషన్ అనే ప్రత్యేక అనుమతి పాలసీలో ఉండాలి. ఇది 4.14 కెర్నెల్ నుంచి ఉంది. ఆ అనుమతి లేకపోతే సర్వీసు తన ఇరుకైన డొమైన్‌లోకి వెళ్లకుండా సిస్టమ్‌డీ డొమైన్‌లోనే ఉండిపోతుంది. ఆ డొమైన్‌కు హక్కులు చాలా ఎక్కువ. ఒక తాళం వేయబోయి ఇంకో తాళం తీసినట్టవుతుంది.

రోజువారీ పనిలో లేబుల్ తప్పేది ఎక్కువగా ఫైళ్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చినప్పుడే. ఒక పాత లిస్టు ఆర్కైవ్‌ను బ్యాకప్ నుంచి తిరిగి పెట్టాలి అనుకుందాం. అడ్మిన్ ఆ టార్ ఫైలును తన హోమ్ డైరెక్టరీలో విప్పుతారు. విప్పిన ఫైళ్లకు యూజర్_హోమ్_టి లేబుల్ పడుతుంది. ఆ డైరెక్టరీని ఎంవీ కమాండుతో మెయిల్‌మ్యాన్ డైరెక్టరీలోకి జరుపుతారు. కొత్తగా సృష్టించిన ఫైలైతే డైరెక్టరీని బట్టి లేబుల్ వస్తుంది. సీపీతో కాపీ చేసినా మామూలుగా అంతే. ఎంవీ మాత్రం అదే డిస్కు మీద ఫైలు పేరును మారుస్తుందే తప్ప ఫైలును ముట్టుకోదు, కాబట్టి పాత లేబుల్ దానితోనే వస్తుంది. యజమాని సరిచేశారు, గ్రూపు సరిచేశారు, పర్మిషన్లు సరిచేశారు. అయినా లిస్టు మూగబోయింది. ఆడిట్ లాగ్ తెరిస్తే ఏవీసీ డినైడ్ అనే లైను కనిపిస్తుంది. దాన్ని ముక్కలుగా చదవాలి. వంకర బ్రాకెట్ల మధ్య రైట్ అని ఉంటే, రాయబోతుంటే ఆపారన్నమాట. కామ్ అన్నచోట పైథాన్ అని ఉంటుంది, ఆపింది ఆ ప్రోగ్రామును. ఎస్‌కాంటెక్స్ట్‌లో మెయిల్‌మ్యాన్_మెయిల్_టి, టీకాంటెక్స్ట్‌లో యూజర్_హోమ్_టి, టీక్లాస్‌లో ఫైల్. తెలుగులో చెప్పుకుంటే: మెయిల్‌మ్యాన్ ప్రాసెస్ ఎవరిదో హోమ్ డైరెక్టరీ ఫైలులో రాయబోయింది, కెర్నెల్ వద్దంది.

కెర్నెల్ చెప్పింది న్యాయమైన మాటే. తప్పు ఫైలు లేబుల్లో ఉంది. రిస్టోర్‌కాన్ ఒక్కసారి నడిపితే లేబుల్ సరైపోయి పని జరిగిపోతుంది. ఆర్కైవ్‌లను వేరే డిస్కుకు, ఎస్ఆర్‌వీ లాంటి చోటికి శాశ్వతంగా మార్చేస్తే, కొత్త చోటును పాత చోటుతో సమానంగా చూడమని సెమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌తో చెప్పి, ఆ తర్వాత రిస్టోర్‌కాన్ నడపాలి. లేకపోతే ఎప్పుడో ఎవరో మొత్తం డిస్కుకు లేబుళ్లు మళ్లీ వేసినప్పుడు కథ మొదటికొస్తుంది.

చాలాచోట్ల జరిగేది ఇది కాదు. లిస్టు ఆగిపోయింది, అందరూ అడుగుతున్నారు, టెన్షన్. ఆ సమయంలో ఆడిట్‌టూఅలౌ అనే టూల్ ఆపద్బాంధవుడిలా కనిపిస్తుంది. డినయల్ లైను ఇస్తే, దాన్ని అనుమతించే రూల్ రాసి పెడుతుంది. పై ఉదాహరణలో అది రాసే రూల్ ఏమిటంటే, మెయిల్‌మ్యాన్ డొమైన్ యూజర్_హోమ్_టి లేబులున్న ఫైళ్లలో రాయొచ్చు. ఆ ఒక్క ఆర్కైవ్‌లో కాదు. ఆ సర్వర్ మీద ఆ లేబులున్న అందరి హోమ్ ఫైళ్లలోనూ. ఒక్క లైనుతో పాలసీ ఉన్న ప్రయోజనమే సగం పోయింది. ఆ టూల్‌ది తప్పు కాదు, అడిగిన ప్రశ్నకు అది సరిగానే జవాబిచ్చింది. డినయల్ కనిపించినప్పుడు ముందు ఫైలు లేబుల్ సరైనదేనా అని చూడాలి. తర్వాత ఈ అవసరానికి పాలసీలో ముందే బూలియన్ (ఆన్, ఆఫ్ చేసుకునే మీట) ఏదైనా ఉందా అని వెతకాలి. ఈ రెండూ కాదని తేలాకే కొత్త రూల్ గురించి ఆలోచించాలి. ఎస్ఈలైనక్స్‌ను మొత్తంగా ఆపేయమని చెప్పే సలహాలు అడుగడుగునా దొరుకుతాయి. వాటికంటే చాలా మెరుగైన మార్గం, ఇబ్బంది పెడుతున్న ఆ ఒక్క డొమైన్‌నే పర్మిసివ్‌గా, అంటే ఆపకుండా లాగ్‌లో రాసేలా మాత్రమే, పెట్టడం. అప్పుడు మిగతా సర్వర్ అంతా కాపలాలోనే ఉంటుంది, ఈ ఒక్క డొమైన్ తప్పులు లాగ్‌లో పడుతూ ఉంటాయి.

నెట్‌వర్క్ విషయంలో లిస్టు సర్వర్‌కు పాలసీ రాయడం నిజంగా హాయి. ఎందుకంటే దాని అవసరాలు బహు తక్కువ. తన మెయిల్ సర్వర్‌తో మాట్లాడ్డానికి 25వ పోర్టు, న్యూస్‌గ్రూపులతో లంకె ఉంటే 119, పేర్లు వెతకడానికి డీఎన్ఎస్. అంతకుమించి ఆ ప్రాసెస్ తనంతట తాను బయటి మెషీన్‌కు కనెక్ట్ కావాల్సిన పని సాధారణంగా ఉండదు. దాడి చేసినవాడు లోపలికి దూరాక సాధారణంగా మొదట చేసే పని తన మెషీన్‌కు ఒక కనెక్షన్ తెరుచుకోవడం, కావలసిన ప్రోగ్రాములు దింపుకోవడం. 443కో, 4444కో కనెక్ట్ కాబోయిన మెయిల్‌మ్యాన్ డొమైన్‌ను కెర్నెల్ అక్కడే ఆపుతుంది, లాగ్‌లో రాస్తుంది. అలాంటి లైను ఒక్కటి పడినా దాన్ని సెట్టింగుల గొడవగా కొట్టిపారేయకూడదు. లిస్టు సాఫ్ట్‌వేర్ వెబ్‌సైట్లకు కనెక్ట్ అవడానికి ప్రయత్నిస్తోందంటే ఎందుకో కనుక్కుని తీరాలి.

ఇక 2005 నాటి ప్రశ్నకు వద్దాం. ఆ వెబ్ స్క్రిప్టు సీజీఐ డొమైన్‌లో బందీగా ఉంటే, ../ ఎన్ని పెట్టి ఎగబాకినా హోమ్ డైరెక్టరీల్లోకి వెళ్లలేదు, ఇతర సర్వీసుల డేటాను ముట్టుకోలేదు. ఆగే సగం అది. పోయినవి మాత్రం ఇతరుల ఫైళ్లు కావు. ఒక్కో లిస్టుకూ ఉండే కాన్ఫిగ్ పికిల్ ఫైలు పోయింది. సభ్యుల పాస్‌వర్డ్‌లున్నది అందులోనే. ఆ ఫైలు లేబుల్ మెయిల్‌మ్యాన్_డేటా_టి. దాన్ని చదివే అనుమతి సీజీఐ డొమైన్‌కు ఉండి తీరాలి, ఎందుకంటే లాగిన్ అవుతున్న సభ్యుడి పాస్‌వర్డ్‌ను పోల్చి చూసేది ఆ డొమైనే. స్క్రిప్టు ఆ ఫైలును పోల్చడానికి తెరిచిందా, దొంగకు ఒప్పజెప్పడానికి తెరిచిందా అన్నది కెర్నెల్‌కు కనిపించదు. తెరవడం తెరవడమే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నది ఈ సందర్భానికి అక్షరాలా సరిపోతుంది.

కాబట్టి మాండేటరీ పాలసీకి బలం రూల్స్ సంఖ్యలో లేదు. గీతలు ఎక్కడ గీశామన్నదాంట్లో ఉంది. ఒకే లేబుల్ కింద ఉన్నవాటి మధ్య అది ఏ తేడా చూపదు. మెయిల్‌మ్యాన్ 2కు ప్రాసెస్‌లను మూడు డొమైన్లుగా విడదీశారు కానీ, లిస్టుల డేటా అంతా ఒకే టైపు. పాస్‌వర్డ్‌ల ఫైలు, క్యూలో ఉన్న ఉత్తరాలు, పేజీల మూసలు, అన్నిటికీ అదే ముద్ర.

దీనివల్ల ఇంకా లోతైన చిక్కు ఒకటుంది. మెయిల్‌మ్యాన్ క్యూలో పెట్టే ఫైళ్లు పైథాన్ పికిల్ రూపంలో ఉంటాయి. పికిల్ అంటే పైథాన్ వస్తువులను ఫైల్లో దాచి మళ్లీ బతికించే పద్ధతి. నమ్మకం లేనిచోటి నుంచి వచ్చిన పికిల్‌ను తెరవొద్దని పైథాన్ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. కారణం, దాన్ని తెరిచేటప్పుడే అందులో చెప్పిన ఫంక్షన్లు నడిచేస్తాయి. ఇప్పుడు ఈ రెండూ కలిపి చూడండి. మోడరేటర్ వెబ్‌లో ఒక ఉత్తరాన్ని అనుమతిస్తే, వెబ్ స్క్రిప్టు దాన్ని క్యూలో పెట్టాలి. అంటే సీజీఐ డొమైన్‌కు క్యూలో రాసే హక్కుంది. ఆ స్క్రిప్టు దాడికి లొంగిపోతే, ఉత్తరం బదులు ఒక విషపు పికిల్‌ను క్యూలో వేయొచ్చు. కాసేపటికి క్యూ రన్నర్ వచ్చి దాన్ని తెరుస్తుంది. అంతే, దాడి చేసినవాడి కోడ్ ఇప్పుడు మెయిల్ డొమైన్‌లో నడుస్తోంది. ఏ రూల్ ఉల్లంఘన జరగలేదు. ఒక్క డినయల్ లైను కూడా పడదు. పాలసీ చూస్తే రెండు డొమైన్ల మధ్య గోడ ఉంది. నిజానికి ఆ గోడలో ఒక కిటికీ ఉంది, కిటికీలోంచి వచ్చినదేదైనా అటువైపు వాళ్లు తినేస్తారు.

పాలసీ రాసేవాళ్లు కేవలం ఎవరు ఏది తెరవొచ్చు అని చూస్తే సరిపోదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు. ఒక డొమైన్ రాసినదాన్ని ఏ డొమైన్ చదువుతుంది, చదివి దాన్ని ఎంతవరకు నమ్ముతుంది అని గొలుసు మొత్తం గీసుకోవాలి. ఇక్కడ చేయగలిగిన పని, క్యూలను విడివిడి టైపులుగా చీల్చడం. వెబ్ డొమైన్‌కు తను పెట్టాల్సిన ఒకటి రెండు క్యూల్లో మాత్రమే రాసే హక్కు, ఆ క్యూలు చదివే రన్నర్‌కు ప్రత్యేక డొమైన్. మెయిల్‌మ్యాన్ 2.1లో రన్నర్లు ఎనిమిది: వచ్చేవి, పోయేవి, ఆర్కైవ్, బౌన్స్, కమాండ్, న్యూస్, వర్జిన్, రీట్రై. ఆర్కైవ్ రన్నర్‌కు నెట్‌వర్క్ అవసరం లేదు. బయటికి పంపే రన్నర్‌కు ఆర్కైవ్‌లో రాసే పని లేదు. ఒక్కోదానికి ఒక్కో డొమైన్ ఇస్తే లింక్స్ బ్రౌజర్‌ను పిలిచేది ఎవరో, వాళ్ల చేతికి ఏమేం అందుతాయో స్పష్టంగా చెప్పొచ్చు. అయితే పైన చెప్పుకున్న పైథాన్ పేచీ ఉంది కాబట్టి, ఒక్కో రన్నర్‌ను నేరుగా నడిచే విడి స్క్రిప్టుగా మార్చుకోకుండా ఇది సాధ్యం కాదు. పాలసీ ఎంత సన్నగా చీల్చగలమన్నది చివరికి ప్రోగ్రాము ఎంత విడిగా కట్టారన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

యాప్‌ఆర్మర్‌తో ఇదే పని లేబుళ్లు లేకుండా, ఫైలు దారులతో చేస్తారు. ఫలానా ప్రోగ్రాము ఫలానా డైరెక్టరీలో చదవొచ్చు, ఫలానా చోట రాయొచ్చు అని ప్రొఫైల్ రాస్తే చాలు. ఎంవీతో వచ్చే లేబుల్ తలనొప్పి ఉండదు, చదివితే ఎవరికైనా అర్థమవుతుంది. అదే ఫైలుకు వేరే దారి ఉంటే మాత్రం రూల్ వేరే అయిపోతుంది. ప్రొఫైల్లో రాయనిదేదీ జరగదన్న సూత్రం ఇక్కడా అంతే, పికిల్ కిటికీ సమస్య కూడా అంతే.

ఏ పద్ధతి ఎంచుకున్నా, పాలసీని గట్టిగా అమలు చేసేముందు ఎంతకాలం గమనించాలన్న ప్రశ్న వస్తుంది. ఒక టెస్ట్ ఉత్తరం పంపి, అది అందరికీ చేరిందని చూసి, ఎన్‌ఫోర్సింగ్‌లో పెట్టేయడం మామూలుగా జరిగే పొరపాటు. లిస్టు సర్వర్‌కు తనదైన ఒక పంచాంగం ఉంటుంది. మెయిల్‌మ్యాన్ 2 డిఫాల్ట్ క్రాన్ పట్టీనే చూడండి. న్యూస్ గేట్‌వే ఐదు నిమిషాలకోసారి నడుస్తుంది. రాత్రి 3 గంటల 27 నిమిషాలకు ఆర్కైవ్‌లు జిప్ అవుతాయి. ఉదయం 8కి మోడరేటర్లకు పెండింగ్ పనులు గుర్తుచేస్తుంది. మధ్యాహ్నం 12కు డైజెస్టులు, అంటే ఉత్తరాల కట్టలు, వెళ్తాయి. నెల మొదటి తేదీ ఉదయం 5కు పాస్‌వర్డ్ గుర్తుచేసే మెయిళ్లు. ఇవన్నీ వేరువేరు కోడ్ దారులు, వేరువేరు ఫైళ్లను ముట్టుకుంటాయి. రెండో తేదీన మొదలుపెట్టి ఇరవయ్యో తేదీన ఎన్‌ఫోర్సింగ్‌లోకి వెళ్తే, ఒకటో తేదీ తెల్లవారుజామున ఏదో ఆగిపోతుంది. కాబట్టి కనీసం ఒక పూర్తి నెల పర్మిసివ్‌లో పెట్టాలి. ఆ నెలలో కొత్త లిస్టు సృష్టించడం, లిస్టు తీసేయడం, బౌన్స్ అయిన సభ్యుడిని ఆపేయడం, పెద్ద అటాచ్‌మెంట్‌ను ఆర్కైవ్ చేయడం లాంటివి కావాలని చేసి చూడాలి. అంతా బాగుందనిపించినా ఏదో పనిచేయకపోతే, పాలసీలో డోంట్‌ఆడిట్ రూల్స్ కొన్ని డినయల్స్‌ను లాగ్‌లో పడకుండా మింగేస్తుండొచ్చు. సెమాడ్యూల్‌కు డీబీ ఆప్షన్లు ఇచ్చి వాటిని తాత్కాలికంగా తీసేస్తే అసలు కారణం బయటపడుతుంది.

పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ముగిసింది. ఆ భాషలో రాసిన మెయిల్‌మ్యాన్ 2కూ భవిష్యత్తు లేదు. 2015 ఏప్రిల్లో వచ్చిన మెయిల్‌మ్యాన్ 3 నిర్మాణం పూర్తిగా వేరు. లిస్టుల పని చూసేది కోర్. సభ్యుల వెబ్ పేజీలకు పోస్టోరియస్. ఆర్కైవ్‌లకు హైపర్‌కిటీ. పోస్ట్‌ఫిక్స్ ఉత్తరాలను ర్యాపర్ ద్వారా ఇవ్వదు, 8024వ పోర్టులో ఎల్ఎంటీపీ అనే మెయిల్ ప్రోటోకాల్‌తో అందిస్తుంది. వెబ్ భాగం కోర్ ఫైళ్లను ముట్టుకోదు, 8001వ పోర్టులోని రెస్ట్ ఏపీఐతో, అంటే ప్రోగ్రాములు ఒకదాన్నొకటి అడిగే వెబ్ దారిలో, అడుగుతుంది. పాలసీ రాసేవాళ్లకు ఇది పండగ. గీత ఎక్కడ గీయాలో ప్రోగ్రామే చూపిస్తోంది. వెబ్ డొమైన్‌కు కోర్ డేటా మీద, క్యూ మీద ఏ హక్కూ ఇవ్వక్కర్లేదు. పికిల్ కిటికీ మూసేయొచ్చు.

వాస్తవంలో ఎక్కువ చోట్ల ఈ గీత ఇంకా గీయలేదు. మెయిల్‌మ్యాన్ 3ని చాలామంది పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో, ఆప్ట్ డైరెక్టరీలో పిప్‌తో ఇన్‌స్టాల్ చేస్తారు. అక్కడి ప్రోగ్రాములకు మామూలు బిన్_టి లేబుల్ పడుతుంది. సిస్టమ్‌డీ వాటిని నడిపితే రెడ్ హ్యాట్ తరహా సిస్టముల్లో అవి అన్‌కన్‌ఫైన్డ్_సర్వీస్_టి డొమైన్‌లో నడుస్తాయి. పేరులోనే ఉంది, దానికి కట్టడి లేదు. గెట్‌ఎన్‌ఫోర్స్ కొడితే ఎన్‌ఫోర్సింగ్ అని వస్తుంది. ఎస్ఈలైనక్స్ ఆన్‌లోనే ఉందని రిపోర్టులో రాస్తారు. అది నిజమే, లిస్టు సర్వర్‌కు మాత్రం దాని కాపలా ఏమీ లేదు.

దీన్ని సరిచేయాలంటే కోర్‌కు ఒకటి, వెబ్ అప్లికేషన్‌కు ఒకటి చొప్పున కనీసం రెండు డొమైన్లు రాయాలి. రెండూ ఒకే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్నా, మొదలుపెట్టే స్క్రిప్టులకు వేరువేరు టైపులు ఇవ్వొచ్చు. 8024, 8001 పోర్టులకు సొంత టైపులు పెట్టి, మొదటిదానికి పోస్ట్‌ఫిక్స్ మాత్రమే, రెండోదానికి వెబ్ డొమైన్ మాత్రమే కనెక్ట్ కాగలిగేలా చూడాలి. వెబ్ అప్లికేషన్‌ను తరచుగా 8000లో పెడతారు. ఆ పోర్టుకు డిఫాల్టుగా ఉన్న లేబుల్ ఒక పాత సౌండ్ సర్వీసుది కాబట్టి, అపాచీనో ఎన్‌జిన్‌ఎక్స్‌నో దానికి కనెక్ట్ కానివ్వదు. అప్పుడు హెచ్‌టీటీపీడీ_క్యాన్_నెట్‌వర్క్_కనెక్ట్ బూలియన్‌ను ఆన్ చేయమని సలహా దొరుకుతుంది. అది వెబ్ సర్వర్‌కు అన్ని పోర్టులూ తెరిచేస్తుంది. ఆ ఒక్క పోర్టు లేబుల్ మార్చి, వెబ్ సర్వర్లు ఒకదానికొకటి రిలే చేసుకోవడానికే ఉన్న చిన్న బూలియన్‌తో సరిపెట్టుకుంటే చాలు. యూనిక్స్ సాకెట్ వాడితే ఆ గొడవా తగ్గుతుంది.

కాన్ఫిగ్ ఫైలుకు కూడా సొంత లేబుల్ ఉండాలి. రెస్ట్ ఏపీఐ యూజరు పేరు, పాస్‌వర్డ్ అందులోనే ఉంటాయి. డిఫాల్టుగా అవి రెస్ట్‌అడ్మిన్, రెస్ట్‌పాస్. లోకమంతటికీ తెలిసిన ఆ పాస్‌వర్డ్‌ను మార్చకుండా 8001కు ఎంత పాలసీ రాసినా ఫలితం తక్కువ. మార్చినా ఆ పాస్‌వర్డ్ వెబ్ అప్లికేషన్ సెట్టింగుల్లో ఉండక తప్పదు, అది లేకుండా కోర్ దానికి జవాబివ్వదు. ఈ ఏపీఐలో ఈ లిస్టు వరకే, చదవడం వరకే అన్న తేడాలు లేవు. పాస్‌వర్డ్ ఉన్నవాళ్లకు అన్ని లిస్టుల మీదా అన్ని హక్కులూ వస్తాయి. వెబ్ డొమైన్ దాడికి లొంగితే క్యూలో విషం వేయలేదు, కోర్ డేటాబేస్ ఫైలు తెరవలేదు. కానీ 8001కు కనెక్ట్ అయి, ప్రతి లిస్టులోని సభ్యుల చిరునామాలూ వరసగా అడగగలదు. కెర్నెల్‌కు కనిపించేది పాలసీలో అనుమతి ఉన్న ఒక కనెక్షన్ మాత్రమే. ఆ సగాన్ని పట్టుకోవాలంటే కోర్ లాగ్‌లో ఏ చిరునామా నుంచి ఎన్ని సభ్యుల జాబితాలు అడిగారో చూసే ఏర్పాటు విడిగా పెట్టుకోవాలి.